సర్టిఫికెట్ లేదని టీచరు ఊరుకోవాలా?

ప్రశ్న: ప్రభుత్వ హైస్కూల్లో తెలుగు టీచర్ని. తొమ్మిదో తరగతిలో ఒక అబ్బాయి నోటితో అడిగితే పాఠమంతా చెబుతాడు. చదవమన్నా, రాయమన్నా అక్షరాలు తారుమారవుతాయి. డిస్లెక్సియా ఏమోనని నా అనుమానం. యూనిట్ టెస్టుల్లో కొంచెం ఎక్కువ టైమ్ ఇద్దామంటే మా హెచ్.ఎం. గారు ‘సర్టిఫికెట్ ఉందా? తల్లిదండ్రులకే లేని బాధ మీకెందుకు?’ అన్నారు. పైకి రాస్తే నాకు మెమో ఇస్తారా?
- ఒక ఉపాధ్యాయిని, తూర్పు గోదావరి జిల్లా

జవాబు: మీకెందుకంటే, అది మీ బడి బాధ్యత కాబట్టి. ఇలాంటి ఇబ్బంది ఉన్న పిల్లల్ని వీలైనంత త్వరగా గుర్తించి, వాళ్లకు తగ్గట్టు బోధించాలని దివ్యాంగుల హక్కుల చట్టం-2016, సెక్షన్ 16 చెబుతోంది. ఆ అబ్బాయిని రోజూ చూసే మీరు గుర్తించకపోతే ఇంకెవరు గుర్తిస్తారమ్మా?

చాలా ప్రయోజనాలకు అడిగే ‘40 శాతం వైకల్యం ఉండాలి’ అన్న షరతు ఆ సెక్షన్లో లేదు. క్లాసులో కాస్త ఎక్కువ సమయం ఇవ్వడానికి, నోటితో జవాబు చెప్పించుకోవడానికి సర్టిఫికెట్ దాకా ఆగనక్కర్లేదు. వికాస్ కుమార్ కేసులో (2021) సుప్రీంకోర్టు, చేతిరాత ఇబ్బంది ఉన్న సివిల్స్ అభ్యర్థికి 40 శాతం వైకల్యం లేకపోయినా స్క్రైబ్‌ను (చెప్పింది రాసిపెట్టే మనిషిని) ఇవ్వాల్సిందేనంది.

కానీ పదో తరగతి పరీక్షలకు కాగితం కావాలి. అదనపు సమయం, స్క్రైబ్, రెండో, మూడో భాషల నుంచి మినహాయింపు సెక్షన్ 17లో ఉన్నాయి. వాటి కోసం తల్లిదండ్రుల చేత సదరం (వైకల్య సర్టిఫికెట్ కోసం జరిపే వైద్య పరీక్ష) స్లాట్ బుక్ చేయించండి. ‘వైకల్యం’ అన్న మాట వినగానే వాళ్లు భయపడిపోవచ్చు. వాడి తెలివికి ఏ లోటూ లేదని, వాడు నోటితో చెప్పిన జవాబులే ఉదాహరణగా చూపించి, తీరిగ్గా కూర్చుని చెప్పండి. చాలా ఇళ్లలో పని ఆగిపోయేది ఇక్కడే. ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం నడిచే భవిత కేంద్రంలోని ప్రత్యేక ఉపాధ్యాయుల్ని కూడా వెంటబెట్టుకోండి.

హెచ్.ఎం. గారికి రాతపూర్వకంగా ఇచ్చి, అందినట్టు సంతకం తీసుకోండి. జబ్బు పేరు నిర్ధారించకండి, అది డాక్టర్ల పని. మీరు చూసినవి తేదీలతో రాసి, నోటుపుస్తకం జిరాక్సులు జతచేస్తే చాలు. కదలిక లేకపోతే పై విద్యాధికారి గారికి, అక్కడా కాకపోతే రాష్ట్ర దివ్యాంగుల కమిషనర్‌కు తల్లిదండ్రుల సంతకంతో ఫిర్యాదు పంపండి. కమిషనర్ సిఫార్సు చేస్తే, ఏం చేశారో మూడు నెలల్లో అధికారులు తెలియజేయాలి.

పై అధికారికి పద్ధతి ప్రకారం రాసుకోవడం క్రమశిక్షణ ఉల్లంఘన కాదు. మెమో ఇచ్చినా, సెక్షన్ 16ను చూపించి జవాబివ్వండి. విలేకరుల దగ్గరికి, వాట్సాప్ గ్రూపుల్లోకి మాత్రం వెళ్లకండి. ప్రభుత్వోద్యోగుల 1964 నాటి ప్రవర్తనా నియమావళితో మీకు చిక్కు, పిల్లవాడి పేరు బయటపడితే వాడికి అంతకంటే పెద్ద కష్టం.

ఉత్తరం ఈ వారమే ఇవ్వండి. వచ్చే ఏడు పదో తరగతి పరీక్షలకు నామినల్ రోల్స్ (విద్యార్థుల వివరాల జాబితా) వెళ్లేలోపు సర్టిఫికెట్ చేతికి రావాలి.