చెన్నై రికార్డాఫీసుకు కారులో వెళ్ళాలా? పార్కింగ్ కన్నా ముందు వేసుకోవాల్సిన లెక్క

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ: జమ్మలమడుగు దగ్గర మీ తాతల నాటి ఇనాం భూమి (పన్ను లేకుండానో, తక్కువ పన్నుతోనో పాలకులు ఇచ్చిన మాన్యం) కాగితాల కోసం చెన్నై ఎగ్మోర్‌లోని తమిళనాడు ఆర్కైవ్స్‌కు వెళ్ళాలనుకుంటున్నారు. కారు తీసుకెళ్తే పార్కింగ్‌కు ఎంతవుతుంది, మొత్తం ఎంత చేతిలో పెట్టుకోవాలి, ఒక్క రోజులో పని తేలుతుందా, పెద్దాయన అయిన మీ నాన్నగారిని వెంట తీసుకెళ్ళాలా అని అడిగారు.

ముందు సూటిగా చెప్తాను. కారు వద్దు, రైల్లో వెళ్ళండి. అది కూడా ఇప్పుడే కాదు. ముందు కడప కలెక్టరేట్‌లో చేయాల్సిన పని ఉంది. అది చేయకుండా చెన్నై వెళ్తే పార్కింగ్ ఫ్రీ అయినా మీకు నష్టమే.

మాది ప్రొద్దుటూరు. మా తాలూకాలో చెరువుల కింద ఇచ్చిన మాన్యాల వివరాలు పోగు చేస్తూ కొన్నేళ్ళుగా రికార్డు రూముల చుట్టూ, ఆర్కైవ్స్ చుట్టూ తిరుగుతున్నాను. అంతా సొంత ఖర్చే, ఏ యూనివర్సిటీ గ్రాంటూ లేదు. కాబట్టి ప్రతి రూపాయీ చూసుకునే తిరిగాను.

కారు లెక్క చూడండి. కడప నుంచి చెన్నైకి రోడ్డు మీద దాదాపు 260 కిలోమీటర్లు. రానూ పోనూ 520. లీటరుకు 15 కిలోమీటర్లు ఇచ్చే బండయితే 35 లీటర్ల దాకా పడుతుంది. లీటరు 110 రూపాయలనుకున్నా పెట్రోలుకే 3,800 పైన. టోల్ వేరే. వెళ్ళి వచ్చే టికెట్టు లెక్కన ఒకటిన్నర రెట్లే పడాలంటే 24 గంటల్లో అదే టోల్ దాటి వెనక్కి రావాలి. ఆర్కైవ్స్ పనిమీద వెళ్ళినవాళ్ళకు రాత్రి అక్కడ ఆగాల్సి వస్తుంది కాబట్టి చాలాసార్లు రెండుసార్లూ పూర్తి టోలే పడుతుంది. ఇక ఎగ్మోర్ ప్రాంతంలో బండి పెట్టడానికి చోటు వెతకడం ఒక పెద్ద టెన్షన్. స్టేషన్ పార్కింగ్‌లో గంటల లెక్కన తీసుకుంటారు. మీరు పొద్దున పెట్టి సాయంత్రం దాకా రీడింగ్ హాల్లో కూర్చుంటే ఆ లెక్క పెరుగుతూనే ఉంటుంది.

రైలైతే ఈ తలనొప్పి ఏదీ లేదు. ఆర్కైవ్స్ గాంధీ ఇర్విన్ రోడ్డులో, ఎగ్మోర్ స్టేషన్‌కు ఎదురుగానే ఉంది. బండి దిగి నడిచి వెళ్ళిపోవచ్చు, ఆటో కూడా అక్కర్లేదు. మీ బండి సెంట్రల్‌కు వెళ్ళేదైతే మెట్రో ఎక్కండి, ఎగ్మోర్ తర్వాతి స్టేషనే. స్లీపర్‌లో రానూ పోనూ కలిపినా ఐదారు వందలు దాటదు. మీకు జమ్మలమడుగు నుంచి ఎర్రగుంట్ల దగ్గర కదా, మెయిన్ లైను అక్కడే దొరుకుతుంది. ఎర్రగుంట్లలో ఏ బండ్లు ఆగుతాయో చూసుకోండి, లేదంటే కడపకు వచ్చి ఎక్కండి.

స్టేషన్‌లో బైకు పెట్టి వెళ్తే ఒక మాట. స్టాండులో రేటు రోజుల లెక్క కాదు, గంటల శ్లాబుల లెక్క. రెండు రాత్రులు దాటితే మీరనుకున్నదానికన్నా ఎక్కువే అవుతుంది. హెల్మెట్ దాచిపెడితే దానికి వేరే తీసుకునేవాళ్ళూ ఉన్నారు. ఇంట్లోవాళ్ళెవరైనా దించిపోతే అంతకన్నా సుఖం లేదు.

పార్కింగ్ గురించి మీరు అడిగారు కాబట్టి నా మనసులో ఉన్న మాట చెప్తాను. మన జిల్లాలోనే ఒక ఆఫీసు దగ్గర చూశాను. గేటు పక్కన చెట్టు కింద ఒక కుర్రాడు టోకెన్ల పుస్తకం పట్టుకుని నిలబడ్డాడు. టోకెన్ మీద అచ్చేసింది 10 రూపాయలు, ఆ 10ని బాల్‌పెన్నుతో కొట్టేసి పక్కన 20 అని రాసి చించి ఇస్తున్నాడు. నా ముందు ఒక పెద్దాయన పాత టీవీఎస్ బండి స్టాండు వేసి, పంచె కొంగున కట్టిన చిల్లర విప్పుతూ, "మొన్న పదే తీసుకుంటివే నాయనా, ఈ పొద్దు ఇరవై అంటాండావే" అని అడిగాడు. కుర్రాడు బదులు చెప్పలేదు. పెద్దాయన ఇంకో పది తీసిచ్చాడు. ఆయన వచ్చింది తన పొలం అడంగల్ నకలు కోసం. ఆ పూట సంబంధిత గుమస్తా రాలేదు, రేపు రమ్మన్నారు. రేపు మళ్ళీ బండి, మళ్ళీ టోకెన్, మళ్ళీ పెట్రోలు, మళ్ళీ ఒక రోజు కూలి.

మాల్‌కో సినిమాకో వెళ్ళినప్పుడు పార్కింగ్ ఇవ్వడం వేరు. మన తాత పేరున్న కాగితం సర్కారు దగ్గర ఉంది, దాన్ని చూసే హక్కు చట్టం ఇచ్చింది. దానికి వెళ్ళినవాడి దగ్గర గేటులో వసూలు చేయడం నాకు ఎంత మాత్రం నచ్చదు. చోటు తక్కువ, ఎవరో ఒకరు బండ్లు చూసుకోవాలి, అది నాకూ తెలుసు. కానీ నకలుకు అప్లై చేసిన రసీదు చూపించినవాళ్ళకు, రీడింగ్ హాలు పర్మిషన్ ఉన్నవాళ్ళకు, నడవలేనివాళ్ళకు తీసుకోకూడదు. తీసుకున్నచోట రేటు బోర్డు గేటు దగ్గరే కనబడాలి. కొట్టేసి రాసిన టోకెన్ మీ చేతికొస్తే ఫోటో తీసి పెట్టుకోండి, ఆఫీసు పరిపాలనాధికారికి రాతపూర్వకంగా ఇవ్వండి. మాటతో చెప్తే ఎవరూ పట్టించుకోరు.

ఇక అసలు విషయానికి వద్దాం. మన కాగితం కోసం మనం పక్క రాష్ట్రానికి ఎందుకు వెళ్ళాలి? 1800లో నిజాం ఈ ప్రాంతాన్ని ఈస్టిండియా కంపెనీకి ఇచ్చేశాడు. దత్త మండలాలంటే అవే. 1808లో దాన్ని కడప, బళ్ళారి జిల్లాలుగా విడదీశారు. కర్నూలు నవాబు రాజ్యాన్ని 1839లో కలుపుకున్నారు. అనంతపురం 1882లో గానీ బళ్ళారి నుంచి విడిపోలేదు. అప్పటి ఉత్తర ప్రత్యుత్తరాలన్నీ మద్రాసులోని రెవెన్యూ బోర్డుకు చేరేవి. 1953లో కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రం వచ్చింది, 1956లో రాజధాని హైదరాబాద్ వెళ్ళింది, 2014లో రాష్ట్రం మళ్ళీ విడిపోయింది. సరిహద్దులు మారినప్పుడల్లా కొన్ని కాగితాల కట్టలు కదిలాయి, కొన్ని ఉన్నచోటే ఉండిపోయాయి. ఆ తిరుగుడు ఖర్చంతా ఇప్పుడు జమ్మలమడుగులో మీరు, ప్రొద్దుటూరులో నేను భరిస్తున్నాం.

అందుకే ఇల్లు కదలకముందు మీకు కావలసిన కాగితం ఏ కాలానిదో తేల్చుకోండి. మద్రాసు ప్రెసిడెన్సీలో ఇనాం కమిషన్ 1858లో మొదలైంది. అప్పుడు ఒక్కో ఇనాంను విచారించి టైటిల్ డీడ్, అంటే హక్కు పత్రం ఇచ్చారు. మన రెవెన్యూ వాళ్ళు టీడీ నంబరు అంటారు. ఆ విచారణ వివరాలుండేది ఇనాం ఫెయిర్ రిజిస్టర్, ఐఎఫ్ఆర్. ఊరు, ఇనాందారు పేరు, దేనికోసం ఇచ్చారు, ఎంత విస్తీర్ణం, అన్నీ అందులో వరుసగా ఉంటాయి. దీని కోసం ముందు కలెక్టరేట్ రికార్డు రూంలోనే అడగండి. అక్కడే ఆర్ఎస్ఆర్, అంటే సర్వే సెటిల్మెంట్ రిజిస్టరు కూడా అడగండి, డైగ్లాట్ అంటారు. పాత సర్వే నంబరు, కొత్త సర్వే నంబరు జత కుదిరేది దానితోనే. తర్వాత 1956 ఇనాం రద్దు చట్టం కింద మీ భూమికి తహసీల్దారు ఏమైనా ఆర్డరు ఇచ్చి ఉంటే ఆ ఫైలు. చాలామందికి ఈ మూడింటితోనే పని అయిపోతుంది, చెన్నై ముఖం చూడాల్సిన అవసరమే రాదు.

ఇంకొకటి, ఇది ఎవరూ చెప్పరు. మీ దగ్గరున్న పాత లెటరులో ఫైలు నంబరు ముందు ఏముందో చూడండి. ఆర్.డిస్ అని ఉంటే ఆ ఫైలు శాశ్వతంగా ఉంచాల్సింది. డి.డిస్ అయితే పదేళ్ళకు, ఎల్.డిస్ అయితే ఏడాదికే తీసేసే రకం. నలభై ఏళ్ళ కిందటి ఎల్.డిస్ ఫైలు కోసం ఎంత దూరం వెళ్ళినా దొరకదు. ఈ ఒక్క అక్షరం చూసుకుంటే వేల రూపాయలు మిగులుతాయి.

ఉందో లేదో తెలియకపోతే సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. మన రాష్ట్రంలో గ్రామ స్థాయిలో ఫీజు లేదు, మండలంలో 5 రూపాయలు, జిల్లా స్థాయి, ఆపైన 10 రూపాయలు. దారిద్ర్యరేఖకు దిగువనున్నవాళ్ళకు అదీ లేదు, కార్డు నకలు జతచేస్తే చాలు. 30 రోజుల్లో జవాబు రావాలి. కాగితం ఇమ్మనే కాదు, వచ్చి చూసుకుంటామని కూడా అడగొచ్చు, చట్టంలో తనిఖీ హక్కు ఉంది. చెన్నైకి పంపేటప్పుడు మాత్రం ఇంగ్లీషులో రాయండి. దరఖాస్తు ఇంగ్లీషులో గానీ హిందీలో గానీ ఆ ప్రాంతపు అధికార భాషలో గానీ ఉండాలి, అక్కడ తెలుగు నడవదు. "ఫలానా తాలూకా, ఫలానా గ్రామం, ఫలానా సంవత్సరం బోర్డు ప్రొసీడింగ్స్ మీ దగ్గర ఉన్నాయా, చూడటానికి ఏ అనుమతి కావాలి" అని రెండు ముక్కలు అడిగితే చాలు. పోస్టు ఖర్చుతో పోయేదానికి రైలు టికెట్టు ఎందుకు?

అన్నీ చూశాక కూడా చెన్నై తప్పదనుకుంటే రెండు పనిదినాలు పెట్టుకోండి. ఒక్క రోజులో తేలదు. అక్కడ ఇండెక్సులో వెతికి, నంబరూ తేదీ స్లిప్పు మీద రాసిస్తే, స్టాక్‌లోంచి కట్ట తెచ్చి ఇస్తారు. వందేళ్ళు దాటిన కాగితం, అంచు ముట్టుకుంటే పొడి రాలుతుంది. టేపు ముడి విప్పి ఒక్కో పేజీ రెండు చేతులతో తిప్పాలి. తొందరపడి చేసే పని కాదు, వాళ్ళను తొందరపెట్టడమూ సరికాదు. నకలు కావాలంటే దానికి మళ్ళీ అప్లికేషను, వేచి ఉండటం. బీపీ (బోర్డు ప్రొసీడింగ్స్) నంబరు, జీవో నంబరు, తేదీ ముందే చేతిలో ఉంటే మొదటి పూటే స్లిప్పు ఇచ్చేయగలరు. లేకపోతే మొదటి రోజంతా ఇండెక్సుకే పోతుంది. రాత్రికి లాడ్జి, రెండు రోజుల భోజనం కలుపుకుంటే రైల్లో వెళ్ళినా 2,500 దాకా పెట్టుకోండి.

అక్కడి సెలవులు మన సెలవులు కావు. సంక్రాంతి మర్నాడు తిరువళ్ళువర్ దినం, ఆ తర్వాతి రోజు ఉళవర్ తిరునాళ్, రెండూ వాళ్ళకు సెలవే. కర్నూలు వైపు నుంచి హైదరాబాద్ తార్నాక ఆర్కైవ్స్‌కు వెళ్ళేవాళ్ళు బోనాలు లాంటి అక్కడి సెలవులు చూసుకోండి. నవాబుల కాలం ఫారసీ కాగితాల కోసం కొందరు అక్కడికీ వెళ్తారు. వాళ్ళకు కారులో మూడు టోల్‌గేట్లు, పుల్లూరు, శాఖాపూర్, రాయికల్. బస్సులో ఎంజీబీఎస్ దిగి మెట్రో ఎక్కి, పరేడ్ గ్రౌండ్‌లో మారితే తార్నాకలో దిగొచ్చు.

కడపకు వచ్చినప్పుడు ఎర్రముక్కపల్లిలోని సీపీ బ్రౌన్ భాషా పరిశోధన కేంద్రానికి కూడా వెళ్ళండి. కంపెనీ సర్వే అధికారి మెకంజీ మనుషులు రెండు వందల ఏళ్ళ కిందట ఊరూరా తిరిగి రాసుకున్న కైఫియత్తులు, అంటే ఊళ్ళ చరిత్రలు, మన కడప జిల్లావి, సంపుటాలుగా అచ్చయ్యాయి. మీ ఊరి కైఫియత్తు ఉంటే ఏ దేవుడికి ఎంత మాన్యం, ఏ చెరువు ఎవరు తవ్వించారో అందులో దొరకొచ్చు. కోర్టులో అదొక్కటే చాలదు గానీ, ఎక్కడ వెతకాలో చెప్తుంది. ఇంట్లో ఆడవాళ్ళెవరైనా ఈ పని చూస్తుంటే కడప దాకా ఎక్స్‌ప్రెస్ బస్సులో స్త్రీ శక్తి పథకం కింద టికెట్టు డబ్బులు ఇవ్వకుండా వచ్చేయొచ్చు, ఆధార్ ఒకటి చేతిలో ఉంటే. రాష్ట్రం దాటే బస్సులకు అది వర్తించదు.

నేను ఎప్పుడూ అడిగేది ఒకటే. మద్రాసులో ఉన్న కడప, బళ్ళారి, కర్నూలు జిల్లాల పాత రికార్డులను స్కాన్ చేసి, ఒక సెట్టు కడపలో పెట్టాలి. ఢిల్లీలోని నేషనల్ ఆర్కైవ్స్ అభిలేఖ్ పటల్ అనే పోర్టల్లో లక్షల పేజీలు పెట్టింది, ఇంట్లో కూర్చుని చూడొచ్చు. అది సాధ్యమైనప్పుడు ఇదెందుకు కాదు? మన ప్రజాప్రతినిధులకు దీని మీద ఉత్తరాలు రాయండి, నేను రాస్తూనే ఉన్నాను.

మీ నాన్నగారి విషయం. ఆయన్ని తీసుకెళ్ళొద్దు. ఎండలో ప్లాట్‌ఫారం మీద, మెట్లమీద ఆ వయసులో ఎందుకు? రికార్డు చూడటానికి ఆయన ఉండాల్సిన పని లేదు. ఆయన సంతకంతో ఒక ఆథరైజేషన్ లెటరు, ఆయన ఆధార్ నకలు, మీ ఇద్దరి సంబంధం తెలిపే ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ పెట్టుకోండి. వెళ్ళేముందు మాత్రం ఆయన పక్కన కూర్చుని తాత ఇంటిపేరు పాతకాలంలో ఎలా రాసేవాళ్ళో, ఊరికి ఇంకో పేరేమైనా ఉండేదో అడిగి రాసుకోండి. పాత రిజిస్టర్లలో జమ్మలమడుగునే రకరకాలుగా రాశారు. టీడీ నంబరు దొరికితే ఇక్కడే పెట్టండి, ఏ సంపుటంలో చూడాలో నాకు తెలిసినంత చెప్తాను.