పెత్తనం ఎవరిదో ముందు తేల్చుకో

తిరుపతి

చిరంజీవి చిన్నోడికి పెద్దనాయన దీవెనలు.

ఇక్కడ మేమంతా క్షేమం. మీ పెద్దమ్మ మోకాళ్ళ నొప్పి కూడా కాస్త తగ్గుముఖం పట్టింది. హాకీ ఇండియా లీగ్‌లో ఆడే మీ టీముకు కొత్త హెడ్ కోచ్‌ని ఎంపిక చేసే ముగ్గురిలో నిన్నూ వేశారని మీ నాయన చెప్పినప్పటి నుంచి మనసంతా దాని మీదే ఉంది. ఇన్నేళ్ళు డ్రిల్లు మాస్టరుగా పిల్లోళ్ళను గ్రౌండ్లో పరిగెత్తించినవాణ్ణి, ఇంత మంచి పని మన ఇంట్లోవాడి చేతికి వస్తే ఊరికే ఉండలేను. ఫోన్లో గబగబా తేలే విషయం కాదు కాబట్టి ఉత్తరమే రాస్తున్నా. తీరిగ్గా చదువు.

నువ్వు నాలుగు పేర్లు చెప్పినావు. ఒకాయన ప్రపంచకప్పులు ఆడిన పెద్ద ఆటగాడు. ఇంకొకాయన ఐరోపాలో పేరుమోసిన క్లబ్బుకు కోచ్. మూడో ఆయన మనదేశం వాడే, ఇద్దరు విదేశీ కోచ్‌ల కింద అసిస్టెంటుగా పనిచేసినవాడు. నాలుగో ఆయన ఇప్పటికీ ఒక దేశపు జాతీయ జట్టును నడుపుతున్నాడు. ‘వీళ్ళలో ఎవరైతే బాగుంటుంది పెద్దనాయనా?’ అన్నావు. ఆ మాటకు వస్తా. దానికంటే ముందు మీ ముగ్గురూ కూర్చొని ఒకటి తేల్చుకోవాల. వచ్చినాయన చేతికి ఏం ఇస్తారు? వేలంలో ఎవర్ని కొనాలో చెప్పేది ఎవరు? ఆ రోజు ఆడే పదకొండుమందిని రాసేది ఎవరు? అసిస్టెంట్లను తెచ్చుకునేది ఎవరు? ఇవి తేలకుండా ఎంత గొప్పవాణ్ణి తెచ్చినా రెండో ఓటమికే గొడవ మొదలవుతుంది.

మన దేశపు మగవాళ్ళ జట్టు సంగతే తీసుకో. 2014లో టెర్రీ వాల్ష్ కోచ్‌గా ఉన్నప్పుడు ఇంచియాన్ ఆసియా క్రీడల్లో పదహారేళ్ళ తర్వాత స్వర్ణం వచ్చింది, రియో ఒలింపిక్స్‌కు దారి కూడా దొరికింది. అదే ఏడాది నవంబరుకల్లా ఆయన వెళ్ళిపోయినాడు. నిర్ణయాలు జరిగే పద్ధతితో తాను వేగలేనని రాజీనామాలోనే రాసినాడు. తర్వాత వచ్చిన పాల్ వాన్ ఆస్ 2015లో కొన్ని నెలలే ఉన్నాడు. ఓల్ట్‌మన్స్ రెండేళ్ళు చేసినాడు. ఆ తర్వాత ఆడవాళ్ళ జట్టు కోచ్ మరైన్‌ను తెచ్చి మగవాళ్ళ జట్టుకు పెట్టినారు, 2018 మే నెలలో ఆయన్ను మళ్ళీ ఆడవాళ్ళ జట్టుకు పంపి అక్కడున్న హరేంద్ర సింగ్‌ను ఇక్కడికి తెచ్చినారు. 2019 జనవరిలో హరేంద్రనూ తప్పించినారు. 2014 నవంబరు నుంచి లెక్కేస్తే నాలుగేళ్ళు దాటీ దాటకముందే ఐదుగురు. వీళ్ళలో పనికిరానివాడు ఎవరున్నారు చెప్పు? 2016లో లక్నోలో జూనియర్ ప్రపంచకప్పు గెలిపించినవాడు ఈ హరేంద్రే. మగవాళ్ళ జట్టు వద్దనుకున్న మరైన్, టోక్యో ఒలింపిక్స్‌లో మొదటి మూడు మ్యాచులూ ఓడిన మన ఆడపిల్లల్ని నిలబెట్టి, క్వార్టర్ ఫైనల్లో ఆస్ట్రేలియాను ఓడించేదాకా తీసుకుపోయినాడు. నాలుగో స్థానం వచ్చింది. అంతకుముందు ఒలింపిక్స్‌లో మన ఆడవాళ్ళది కడపటి స్థానం.

ఇక గ్రాహం రీడ్ 2019లో వచ్చినాడు. టోక్యోలో లీగ్ దశలో ఆస్ట్రేలియా చేతిలో 1-7తో ఓడినాము. మామూలుగా అయితే ఆ రాత్రికే కోచ్ మీద పంచాయతీ పెట్టేవాళ్ళు. ఎవరూ ఆయన పనిలో చెయ్యి పెట్టలేదు. రెండు వారాలు తిరక్కముందే అదే జట్టు జర్మనీ మీద 1-3తో వెనకబడి కూడా 5-4తో గెలిచి, 41 ఏళ్ళ తర్వాత ఒలింపిక్ పతకం తెచ్చింది.

మన చిత్తూరు పక్క బెల్లం వండేచోట పాకం చూసేవాడు ఒక్కడే ఉంటాడు. తోట యజమాని అయినా సరే, ఆ వేళ గరిటె పట్టుకోడు. మీ ఓనర్లకు ఈ మాట నువ్వే చెప్పాల. చెప్పే ధైర్యం లేకపోతే ఆ కమిటీలో నీ కుర్చీ దండగ. కోపగించుకోవద్దు, నీ మంచికే చెప్తున్నా.

ఇంకొకటి. పాత కోచ్‌ని ఎందుకు పంపినారో కాగితం మీద రాసుకోండి. ‘టీము ఓడింది’ అనేది కారణం కింద పనికిరాదు. పోయిన సీజను మ్యాచులన్నీ ముందేసుకొని చూడండి. పెనాల్టీ కార్నర్లు, అంటే గోల్ దగ్గర అవతలివాళ్ళ తప్పుకు మనకు దొరికే దెబ్బలు, ఎన్ని వచ్చినాయి, ఎన్ని గోల్స్ అయినాయి? కార్నర్లు బాగా వచ్చి గోల్స్ కాకపోతే మీకు సరైన డ్రాగ్‌ఫ్లికర్, అంటే కార్నర్‌లో బంతిని కర్రతో ఈడ్చి గోల్‌లోకి విసిరేవాడు, లేడని అర్థం. అది వేలంలో జరిగిన పొరపాటు, కోచ్ నెత్తిన వేస్తే న్యాయం కాదు. అసలు కార్నర్లే రాకపోతే బంతి డీ లోపలికి, అంటే గోల్ ముందున్న అర్ధచంద్రం గీత లోపలికి, పోవడం లేదు, అది ఆడించే పద్ధతిలో లోపం. ఆఖరి క్వార్టర్లోనే ఎక్కువ గోల్స్ తిన్నారా? అయితే ఫిట్‌నెస్ చూడాల, బెంచి మీది మనుషుల్ని ఎప్పుడెప్పుడు మారుస్తున్నారో చూడాల. ఈ లెక్క తేలితే మీకు ఎట్లాంటి కోచ్ కావాలో సగం తెలిసిపోతుంది. 2025 ఫిబ్రవరి 1న లీగ్ ఫైనల్లో మన హైదరాబాద్ తూఫాన్స్ 3-4తో బెంగాల్ టైగర్స్ చేతిలో ఓడింది కదా, అందులో జుగ్‌రాజ్ సింగ్ ఒక్కడే మూడు గోల్స్ కొట్టినాడు. అట్లాంటి కార్నర్ దెబ్బగాడు అవతలి పక్క ఉంటే ఎంత చక్కని ఆటైనా చేజారిపోతుంది.

అందుకే కోచ్ ఎంపిక వేలానికి ముందే ముగిసిపోవాల. మధ్యలో ఆగిపోయిన లీగ్ 2024లో మళ్ళీ మొదలైనప్పుడు ఆటగాళ్ళ కొనుగోలుకు మగవాళ్ళ టీము ఒక్కొక్కదానికి 4 కోట్లు పెట్టినారు. అందులో హర్మన్‌ప్రీత్ ఒక్కడికే 78 లక్షలు పలికింది. ఇంత డబ్బు ఖర్చయ్యే బల్ల దగ్గర కోచ్ లేకపోతే, ఎవరో కొన్న సరుకుతో ఇంకెవరో వంట చేయాల్సి వస్తుంది. అప్పుడు ఒక్కో టీములో ఇరవై నాలుగు మంది, వాళ్ళలో పదహారు మంది మనోళ్ళు, అందులో జూనియర్లు నలుగురు, మిగతా ఎనిమిది మంది విదేశీయులు. ఎవరు ఎవరితో కలిసి ఆడగలరో ముందే ఊహించి పాట పాడాల. ఆ ఊహ కోచ్‌దై ఉండాల.

ఇప్పుడు మనుషుల దగ్గరికి వస్తా.

గొప్ప ఆటగాడు గొప్ప కోచ్ అవుతాడన్న నమ్మకం వదిలేయి. అట్లని ఆటగాడు పనికిరాడనీ అనుకోవద్దు. రీడ్ 1992 బార్సిలోనాలో రజతం గెలిచిన ఆస్ట్రేలియా జట్టులో ఆడినవాడే. కానీ ఆ తర్వాత ఏళ్ళ తరబడి రిక్ చార్లెస్‌వర్త్ కింద అసిస్టెంటుగా ఉన్నాడు. ఇప్పటి మన జాతీయ కోచ్ క్రెయిగ్ ఫుల్టన్‌ను చూడు. ఐర్లాండ్ మగవాళ్ళ జట్టును 1908 తర్వాత మొదటిసారి ఒలింపిక్స్‌కు చేర్చినాడు. ఆ తర్వాత బెల్జియం టోక్యోలో స్వర్ణం కొట్టినప్పుడు అక్కడ అసిస్టెంటు. చిన్న జట్టును పైకి లాగినవాడు, పెద్ద జట్టులో ఇంకొకరి కింద అణిగిమణిగి పని నేర్చుకున్నవాడు. నాకు ఈ రెండూ ఉన్నవాడి మీద గురి. నీ జాబితాలో అట్లాంటి చరిత్ర ఎవరికి ఉందో వెతుకు.

జాతీయ జట్టును నడుపుతున్నాయన సంగతి జాగ్రత్త. మీ లీగ్ మళ్ళీ మొదలైన సీజన్లో అంతా కలిపి ఐదు వారాలు. 2024 డిసెంబరు 28న మొదలైంది ఫిబ్రవరి 1కి ముగిసింది. ఆయన దేశం వాళ్ళు మధ్యలో పిలిస్తే పోతాడా? క్యాంపు మొదటి రోజు నుంచి ఉంటాడా, లేక మొదటి మ్యాచుకు రెండు రోజుల ముందు దిగుతాడా? తేదీలు రాసి ఇవ్వమను. నోటిమాట పనికిరాదు.

ఇంటర్వ్యూలో ‘మీ ఫిలాసఫీ ఏమిటి’ అని అడగొద్దు. ఆ మాటకు అందరి దగ్గరా అందమైన జవాబు ఉంటుంది. మీ టీము ఓడిన మ్యాచు ఒకటి పెట్టి, ఆరు నిమిషాలు మిగిలి ఒక గోల్ వెనకబడి ఉన్నచోట ఆపు. ఇప్పుడు ఎవర్ని బయటికి పిలుస్తావు, ఎవర్ని పంపుతావు, గోల్‌కీపర్‌ను తీసేసి పదకొండో ఆటగాణ్ణి ఎప్పుడు దించుతావు అని అడుగు. తర్వాత మీ మీద వచ్చిన పెనాల్టీ కార్నర్ ఒకటి చూపించు. కార్నర్ ఇచ్చినాక బంతి లోపలికి రావడానికి 40 సెకన్లే. ఆ లోపల గోల్ గీత వెనక నిలబడే ఐదుగురిలో ఎవరు ముందుగా బంతి మీదికి దూకాల, ఎవరు స్తంభం దగ్గర ఉండాల, ఇది మీ ఆటగాళ్ళ పేర్లతో చెప్పమను. మీ టీము గురించి చదువుకొని వచ్చినాడా లేదా అన్నది అక్కడే బయటపడుతుంది. పేర్లు తెలియనివాడు మిమ్మల్ని జీతం కోసమే చూస్తున్నాడు.

కుదిరితే ఒక పూట గ్రౌండ్లోకి దింపండి. పక్కన ఏదో అకాడమీ పిల్లోళ్ళను పిలిచి నలభై నిమిషాలు ప్రాక్టీసు చేయించమనండి. నువ్వు గోల్ వెనక నిలబడు. పిల్లోళ్ళు వరసలో నిలబడి ఎంతసేపు ఎదురుచూస్తున్నారో, ఎంతసేపు కర్రకు బంతి తగులుతోందో చూడు. ఆట ఆపి ఆయన ఎంతసేపు ఉపన్యాసం ఇస్తున్నాడు? ఒక పిల్లోడు వచ్చే బంతిని కర్రతో సరిగ్గా ఆపలేకపోతే అందరి ముందూ గద్దిస్తున్నాడా, పక్కకు పిలిచి కర్ర కోణం సరిచేసి చూపిస్తున్నాడా? మన పిల్లోళ్ళకు ఒక అలవాటు ఉంది. ఒడిశా సుందర్‌గఢ్ నుంచి వచ్చినవాడైనా, పంజాబ్ నుంచి వచ్చినవాడైనా, మన పక్క మట్టినేల మీద ఆడి పెరిగినవాడైనా, అర్థం కాకపోయినా ‘ఎస్ కోచ్’ అంటారు. మంచి కోచ్ ఆ మాట నమ్మడు. ‘ఇప్పుడు నేను చెప్పింది నువ్వు వీడికి చెప్పు’ అని పిల్లోడి చేతే చెప్పిస్తాడు. అది చూసినావంటే నీ కాగితం మీద పెద్ద టిక్కు పెట్టుకో. ఇంగ్లీషు అంతంత మాత్రమే అయినా ఫరవాలేదు, చేత్తో గీసి చూపించే ఓపిక ఉండాల.

గోల్‌కీపర్ సంగతి విడిగా అడుగు. ఇది నాకు ఎప్పటినుంచో ఉన్న బాధ. ప్రాక్టీసులో అందరికీ పాఠం ఉంటుంది, కీపర్‌ను మాత్రం గోల్‌లో నిలబెట్టి అందరూ బంతులు బాదుతారు, అదే వాడి ప్రాక్టీసు అనుకుంటారు. దేశానికి గోల్‌కీపింగ్ చేసిన రజని మన యర్రావారిపాళెం మండలం పిల్ల. ఆ మూల పల్లె నుంచి ఆ స్థాయికి పోవాలంటే ఎంత పట్టుదల కావాలో ఈ జిల్లాలో ఆట తెలిసినవాళ్ళకు తెలుసు. టోక్యోలో జర్మనీ మీద ఆఖరి సెకన్లలో వచ్చిన పెనాల్టీ కార్నర్‌ను శ్రీజేష్ ఆపకపోయి ఉంటే ఆ పతకం మాటేమిటి? కాబట్టి వారంలో కీపర్లకు విడిగా ఎన్ని గంటలు ఇస్తావు, కీపింగ్ కోచ్‌ని తెస్తావా అని సూటిగా అడుగు. నీళ్ళు నమిలితే ఆలోచించు.

విచారణ చేసేటప్పుడు పెద్ద పేర్లకు ఫోన్ చేయొద్దు. వాళ్ళు మంచిమాటే చెబుతారు. ఆయన కింద బెంచి మీదే ఎక్కువ కూర్చున్న ఆటగాణ్ణి పట్టుకో. ఆడే అవకాశం రాని కుర్రాడు కూడా ‘ఎందుకు ఆడించలేదో నాకు ముందే చెప్పినాడు సార్’ అన్నాడంటే ఆయన మనిషి. అట్లే ఫిజియోను అడుగు, కండరం పట్టేసిన ఆటగాణ్ణి బలవంతంగా దించమన్నాడా అని. వీడియోలు కోసిచ్చే అబ్బాయిని అడుగు. రాత్రి పన్నెండింటికి క్లిప్పులు అడిగి, పొద్దున చూడకుండానే మీటింగుకు వచ్చేవాడు ఎవరో వాడికి తెలుసు.

నేను విన్నంతలో నా మొగ్గు ఆ మూడో ఆయన వైపు. మనోళ్ళ భాష తెలుసు, విదేశీ పద్ధతి దగ్గర్నుంచి చూసినాడు, తనను తాను నిరూపించుకోవాలన్న ఆకలి ఉంది. ఓనర్లు ‘పేరున్నవాడు కాదే’ అంటారు. అప్పుడు నేను చెప్పిన వీడియో పరీక్ష, గ్రౌండ్ పరీక్ష నలుగురికీ సమానంగా పెట్టించు. అందులో ఆయన వెనకబడితే నా మాట పక్కన పెట్టేయి, గెలిచినాయనకే ఓటు వెయ్యి. మనవాడని మాత్రం మార్కులు కలపొద్దు, అది ఆయనకూ మర్యాద కాదు.

ఒప్పందం ఒక్క సీజనుకు రాయొద్దు, రెండు సీజన్లకు రాయండి. ఐదు వారాల్లో ఎవడూ జట్టు కట్టలేడు. తుదిజట్టు ఎంపిక కోచ్‌దేననీ, వేలంలో ఆయన మాట ఎంతవరకు చెల్లుతుందో, మ్యాచు జరుగుతుండగా ఓనర్ల తరఫున ఎవరూ బెంచి దగ్గరికి రాకూడదనీ అందులో రాయించు. మధ్యలో తప్పించాల్సి వస్తే ఎన్నాళ్ళ జీతం ఇస్తారో కూడా ఇప్పుడే రాసుకోండి. మంచిగా ఉన్నప్పుడే ఇట్లాంటి మాటలు తేలికగా తేలుతాయి.

ఎంపిక కాని ముగ్గురికీ పేపర్లో వార్త రాకముందే నువ్వే ఫోన్ చేసి చెప్పు. మెయిలు పంపి ఊరుకోవద్దు. హాకీ లోకం చిన్నది, ఆ ముగ్గురిలో ఒకడు రెండేళ్ళకు మళ్ళీ మీ తలుపు తట్టవచ్చు, లేదా మీరే ఆయన తలుపు తట్టవచ్చు. ఒప్పందం ముసాయిదా తయారైనాక ఒక కాపీ నాకు పంపు. తుదిజట్టు గురించి రాసిన పేరా చదివి చెప్తా.

ఇట్లు,
మీ పెద్దనాయన