ఆటల కోచ్‌ల నుంచి నేర్చుకుని, ఉద్యోగంలో మీరు నిజంగా వాడిన విషయం ఏదైనా ఉందా?

ఒక్కటుంది. 2001 కోల్‌కతా టెస్టు నుంచి తీసుకున్నది.

ఆ మ్యాచ్ అనగానే అందరూ లక్ష్మణ్ 281 దగ్గర మొదలుపెడతారు. నాకు అంతకుముందు జరిగిన మార్పే ముఖ్యం. ఆస్ట్రేలియా 445 కొట్టింది. మనం 171కే చాప చుట్టేసి ఫాలో ఆన్‌లో పడ్డాం, అంటే వెంటనే మళ్లీ మనమే బ్యాటింగ్‌కి దిగాల్సొచ్చింది. ఆ 171లో 59 లక్ష్మణ్‌వే, ఆరో నంబర్‌లో వచ్చి. చివరి వికెట్‌గా అవుటై వస్తుంటే, ప్యాడ్లు విప్పొద్దు, ఈసారి మూడో నంబర్‌లో నువ్వే వెళ్లాలన్నాడు కోచ్ జాన్ రైట్. ఆ స్థానం ద్రావిడ్‌ది. అతన్ని ఆరుకి పంపారు.

పంపారు గానీ పక్కన పెట్టలేదు. 232కి నాలుగు వికెట్లు పోయి, ఇంకా 42 పరుగులు వెనకబడి ఉన్నప్పుడు ద్రావిడ్ దిగి 180 కొట్టాడు. ఇద్దరి భాగస్వామ్యం 376. నాలుగో రోజంతా ఒక్క వికెట్టూ పడలేదు. వరుసగా 16 టెస్టులు గెలిచిన ఆస్ట్రేలియా 171 పరుగుల తేడాతో ఓడింది. ఒకవేళ లక్ష్మణ్ పదికే అవుటైనా ఆ నిర్ణయం సరైనదే అంటాను. ఆ రోజు బంతి ఎవరికి బాగా కనిపిస్తోందో చూసి తీసుకున్నారు కాబట్టి.

నేను బట్టల షాపులో ఫ్లోర్ మేనేజర్‌ని. పట్టుచీరల కౌంటర్ మొదటినుంచీ మా సీనియర్ సేల్స్‌మన్‌దే. ఓ శ్రావణ మాసంలో ఆయన దగ్గర బేరాలు కొనకుండానే లేచి వెళ్లిపోతున్నాయి. ఫ్యాన్సీ కౌంటర్‌లో కుర్రాడు మాత్రం జోరుమీదున్నాడు. "ఎవరికమ్మా? ఎంతలో చూపించమంటారు?" అని అడిగి నాలుగు చీరలే తీసేవాడు. మా సీనియర్ ర్యాక్ మొత్తం దింపేసేవారు. చూసేవాళ్లకి తల తిరిగిపోయేది.

కుర్రాణ్ని పట్టు కౌంటర్‌కి మార్చాలనుకున్నాను. ఆ రాత్రి షట్టర్ వేశాక ముందు సీనియర్‌తోనే మాట్లాడాను. "బాబాయ్, సాయంత్రం పెళ్లి బట్టలకి కుటుంబాలుగా వచ్చేవాళ్లని మీరు చూసుకోండి" అన్నాను. ఊరడింపు మాట కాదది. పెళ్లికూతురి చీర నుంచి వియ్యాలవారి పెట్టుబడి చీరల దాకా లెక్క వేసి, అత్తగారి అలక తీర్చి మరీ బిల్లు చేయించడం మా షాపులో ఆయనకే చేతనవును.

వెంటనే ఒప్పుకోలేదు. "పదిమందిలో నన్ను దింపినట్టుంటుంది కదయ్యా" అన్నారు. అదీ నిజమే. అందుకే మర్నాడు ఉదయం అందరి ముందూ ఈ మార్పు ఆయన్నే చెప్పమన్నాను. పెళ్లి బేరాలు నేను చూసుకుంటానని ఆయన నోటితో చెప్పేసరికి గుసగుసలకి చోటు లేకపోయింది.

కుర్రాడు మొదట్లో ధర్మవరానికీ కంచికీ తేడా చెప్పలేక తడబడ్డాడు. ఓనర్‌గారికి టెన్షన్, రోజూ సాయంత్రం అంకెలు అడిగేవారు. పండగ వెళ్లేదాకా ఆగండని చెప్పాను. వెళ్లాక మళ్లీ అడగలేదు.