గల్లీ పైపుకు ఎవరి వాటా ఎంత?

ప్రశ్న: మా గల్లీలో 32 ఇళ్లు. పెద్ద రోడ్డు మీద డ్రైనేజీ లైను పడింది కానీ, మా గల్లీకి నిధులు లేవంటున్నారు. తలా కొంత వేసుకుని మేమే పైపు వేయించుకోవచ్చా?
– పొదుపు సంఘం సభ్యురాలు, విజయవాడ

జవాబు: వేయించుకోవచ్చమ్మా. అయితే పెద్ద లైనుకు కలుపుకోవడానికి కార్పొరేషన్ అనుమతి కాగితం చేతికొచ్చేదాకా ఒక్క రూపాయి కూడా వసూలు చేయకండి. పైపు వేశాక కలపనివ్వకపోతే ఆ డబ్బంతా మట్టిపాలే.

కరాచీలోని ఒరంగీ బస్తీలో 1980లో సామాజిక కార్యకర్త అఖ్తర్ హమీద్ ఖాన్ మొదలుపెట్టిన ఒరంగీ పైలట్ ప్రాజెక్టు ఇదే పద్ధతిలో నడిచింది. ఇంటి మరుగుదొడ్డి, గల్లీ పైపు, గల్లీలను కలిపే చిన్న లైను ఇళ్లవాళ్ల ఖర్చు. పెద్ద లైను, మురుగు శుద్ధి ప్రభుత్వం ఖర్చు. డబ్బు వసూలు చేసి లెక్క చెప్పేది గల్లీవాళ్లు ఎంచుకున్న మనిషే. ప్రాజెక్టు వాళ్లు కొలతలు, అంచనా ఇచ్చేవాళ్లు తప్ప పైసా ముట్టుకోలేదు. కాంట్రాక్టరు లాభం లేకపోవడంతో ఖర్చు బాగా తగ్గింది.

అహ్మదాబాద్‌లో 1995లో మొదలైన స్లమ్ నెట్‌వర్కింగ్ ప్రాజెక్టులో (బస్తీలకు నీళ్లు, డ్రైనేజీ లాంటి సదుపాయాలు కల్పించే పథకం) ఇంటికి 2,000 రూపాయల వాటా, దానిపైన నిర్వహణ నిధికి మరో 100. ఒకేసారి కట్టలేని ఆడవాళ్లకు సేవా బ్యాంకు అనే మహిళల సహకార బ్యాంకు పొదుపు ఖాతా, అప్పు సాయం చేసింది. అన్నిటికన్నా ముఖ్యం, పదేళ్లపాటు ఖాళీ చేయించబోమని కార్పొరేషన్ ఇచ్చిన హామీ. రేపు ఇల్లు ఉంటుందో ఉండదో తెలియనివాళ్లను పైపుకు డబ్బు పెట్టమనడం అన్యాయం. పట్టాల సంగతి ముందు తేల్చుకోండి.

తర్వాత చూసుకోవాల్సింది లెవెల్, అంటే పైపు వాలు. 150 మి.మీ. పైపుకు మీటరుకు ఒక సెంటీమీటరు వాలు పెట్టుకోండి. గల్లీ 60 మీటర్లుంటే చివరికి 60 సెం.మీ. దిగాలి. పెద్ద మ్యాన్‌హోల్ అడుగు అంతకన్నా పైనే ఉంటే మురుగు వెనక్కి ఇళ్లలోకి తన్నుతుంది. మేస్త్రీ ట్యూబు లెవెల్‌తో ఒక్క పూటలో తేలిపోయే విషయం, దీన్ని వదిలేసే చాలా గల్లీలు డబ్బు పోగొట్టుకుంటాయి. మలుపు ఉన్నచోటల్లా, రెండు లైన్లు కలిసినచోటల్లా ఛాంబరు కట్టించండి. ప్రతి ఇంటి పైపూ గల్లీ లైనులో కలిసేముందు చిన్న తొట్టి ఉండాలి. అంట్లు తోమిన బూడిద, ఇసుక, అన్నం మెతుకులు అక్కడే ఆగుతాయి. ఒరంగీలో దాన్ని హౌదీ అనేవాళ్లు. దాన్ని ఎప్పటికప్పుడు తీయకపోతే పెట్టి లాభం లేదు.

అంచనా వేసేటప్పుడు పైపు, సిమెంటు, ఇటుక, కూలితోపాటు తవ్విన రోడ్డును పూడ్చే ఖర్చు కూడా రాయండి. చాలామంది మరిచేది అదే. మూలమీది ఇంటివాళ్లు "మాకు అవసరం లేదు" అంటే ఆగిపోకండి, వాళ్ల కోసం పైపు మూతి వదిలి, కలిసేరోజు వాటా కట్టించుకోండి.

ప్రశ్న: మరుగుదొడ్డికి ప్రభుత్వం ఇచ్చే డబ్బు సరిపోతుందా? సెప్టిక్ ట్యాంకు ఖాళీ చేయించడానికి ఎంత దాచాలి?
– వరంగల్ పాఠకుడు

జవాబు: 2014లో మొదలైన పట్టణ స్వచ్ఛ భారత్‌లో ఇంటికి కేంద్రం వాటా 4,000 రూపాయలు, దానికి రాష్ట్రం కొంత కలిపేది. డబ్బు రెండు విడతల్లో ఇచ్చేవాళ్లు, రెండోది పని ఎంతవరకు జరిగిందో చూశాకే. కాబట్టి చేతిలో ముందు డబ్బు లేనివాళ్లు గుంత తవ్వి ఆగిపోయారు. ఆ మధ్య కాలానికి పొదుపు సంఘం నుంచి చిన్న అప్పు తీసుకోవడం మేలు. మూడు, నాలుగు రూపాయల వడ్డీకి బయట తెస్తే సాయమంతా వడ్డీకే పోతుంది.

ఖాళీ చేయించే లెక్క సులువు. ట్యాంకు మూడేళ్లకోసారి తీయించాలి. లారీవాళ్లు చెప్పిన ధరను 36తో భాగించండి: 3,600 అడిగితే నెలకు 100. ఇల్లు కట్టేముందే లారీ నిలిచేచోటు నుంచి ట్యాంకు ఎంత దూరమో కొలవండి, 30 మీటర్లు దాటితే మామూలు పైపు అందక అదనంగా అడుగుతారు. మూత మీద టైల్స్ పరిచేయకండి. మీ నగరంలో 2016 నుంచే ఈ పనికి నిబంధనలున్నాయి, కార్పొరేషన్ లైసెన్సున్న లారీనే పిలవండి. తక్కువకు వస్తాడని మనిషిని ట్యాంకులోకి దించడం మనుషులతో మలం ఎత్తించడాన్ని నిషేధించిన 2013 చట్టం ప్రకారం నేరం. లోపలి విషవాయువు నిమిషాల్లో ప్రాణం తీస్తుంది.