అమ్మ కుర్చీకి చోటు

నవజాత శిశు వైద్యం: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: మధురవాడలో పిల్లల ఆసుపత్రి కడుతున్నాం. ఎన్‌ఐసీయూకి, అంటే పురిటి బిడ్డల ఐసీయూకి, 8 పడకలు అనుకున్నాం. ఎనిమిదీ విడి గదులుగా కట్టమని ఆర్కిటెక్ట్ గారు, ఒకే హాలు చాలని మా డాక్టర్లు అంటున్నారు. ఏది మంచిది?
– ఒక భాగస్వామి, విశాఖపట్నం

జవాబు: గోడల సంగతి తర్వాత చూద్దురు గానీ, ముందు ప్లాను మీద ఒక్కో పడక పక్కన ఒక వాలు కుర్చీ గీయించండి. అమ్మ వెనక్కి వాలి కాళ్లు చాపుకుంటే దానికి ఐదారు అడుగుల పొడవు కావాలి. అది గీశాక వెంటిలేటర్ దగ్గరికి నర్సు వెళ్లే దారి మిగిలిందా? చాలా ప్లాన్లు ఇక్కడే తేలిపోతాయి. మన ప్రభుత్వ ఆసుపత్రుల్లో జబ్బు పడిన పురిటి బిడ్డల విభాగాల (ఎస్‌ఎన్‌సీయూల) లెక్కలో ఒక్కో పడక దగ్గర 50 చదరపుటడుగులు, అనుబంధ గదులకు మరో 50 వస్తాయి. ఆ 50లో కుర్చీ వేస్తే ఎవరో ఒకరు పక్కకు తప్పుకోవాల్సిందే. అమెరికా ప్రమాణాల్లో హాల్లో అయితే పడకకు 120, విడి గదికి 165 చదరపుటడుగులు. హాల్లో పడకల మధ్య 8 అడుగుల ఎడం ఉండాలి. మీ స్థలానికి అంత కుదరకపోతే పడకలు తగ్గించండి, కుర్చీ మాత్రం తీసేయకండి.

విడి గది తనంతట తాను బిడ్డకు మేలు చెయ్యదు. సెయింట్ లూయిస్‌లో జరిగిన ఒక అధ్యయనం 2014లో వచ్చింది. అందులో విడి గదుల్లో ఉంచిన నెలలు తక్కువ పిల్లలు రెండేళ్ల వయసులో మాటల పరీక్షల్లో వెనకబడ్డారు. అక్కడ తల్లిదండ్రుల రాక తక్కువ, మనిషి గొంతు బిడ్డ చెవిన పడేదే తక్కువ. పాడేరు నుంచో, శ్రీకాకుళం పల్లెల నుంచో వచ్చిన అమ్మకు రాత్రి పడుకునే చోటే లేకపోతే మన విడి గదిలోనూ అదే జరుగుతుంది. అందుకే రెండు విడి గదులు, మిగిలిన ఆరు పడకలకు నడుమెత్తు గోడలు, తెరలు పెట్టి, పక్కనే తల్లుల గది, పాలు పిండుకునే గది కట్టమంటాం. సిజేరియన్ అయిన బాలింతను మంచంతో సహా బిడ్డ దగ్గరికి తోసుకెళ్లేంత వెడల్పు తలుపులకు ఉండాలి.

చేతులు కడుక్కునే సింకు ప్రతి పడకకు 20 అడుగుల లోపు, కానీ 3 అడుగులకు దగ్గరగా కాకుండా ఉండాలి. కొళాయి ధార నేరుగా తూము మీద పడకూడదు. పడితే తూములో పేరుకున్న సూడోమోనాస్ లాంటి క్రిములు తుంపరతో చుట్టూ చిమ్ముతాయి. తొట్టి కనీసం 10 అంగుళాల లోతు ఉండాలి.

చప్పుడు గంట సగటున 45 డెసిబెల్స్ దాటకూడదు. బిడ్డను వెచ్చగా ఉంచే ఇంక్యుబేటర్ పెట్టె కిటికీ తలుపు టపీమని మూస్తే లోపల 80 దాటగలదు. దాని మీద ఫైలు పెట్టినా బిడ్డ ఉలిక్కిపడుతుంది. మెత్తగా మూసుకునే చెత్తబుట్టలు, చప్పుడు పీల్చే సీలింగు పలకలు ఖరీదైన పాలరాయి కంటే ఎక్కువ పని చేస్తాయి. మన దగ్గర సముద్రపు తేమ ఎక్కువ, ఏసీ డక్టుల్లో బూజు పడుతుంది. వాటిని తెరిచి శుభ్రం చేసే వీలు ఇప్పుడే పెట్టించుకోండి.

ప్రశ్న: మా బాబు 1.4 కిలోలు, పెట్టెలో ఉన్నాడు. నా భార్యకు సిజేరియన్ అయింది, వేరే అంతస్తులో ఉంది. నన్ను రోజుకు పది నిమిషాలు అద్దంలోంచి చూడనిస్తున్నారు. బిడ్డను ఒంటికి హత్తుకునే కంగారూ పద్ధతి మగవాళ్లు చెయ్యొచ్చా?
– ఒక తండ్రి, గాజువాక

జవాబు: చెయ్యొచ్చు బాబూ, ఆవిడ లేచి తిరిగేదాకా ఆ పని మీదే. మన కేంద్ర ప్రభుత్వం 2017లోనే కుటుంబ భాగస్వామ్య సంరక్షణకు, అంటే బిడ్డను చూసుకోవడంలో ఇంటివాళ్లనూ కలుపుకోవడానికి, మార్గదర్శకాలు ఇచ్చింది. ఆ మాట చెప్పి, మర్యాదగా అడగండి. 1 కిలో నుంచి 1.8 కిలోల లోపు పిల్లలపై ఢిల్లీలోని ఒక ఆసుపత్రి సహా ఐదు దేశాల ఆసుపత్రుల్లో అధ్యయనం జరిగింది. పుట్టిన వెంటనే ఒంటికి హత్తుకున్న పిల్లల్లో మరణాలు నాలుగో వంతు తగ్గాయని 2021లో తేలింది. ఆ పిల్లలున్న ఐసీయూలోనే తల్లుల మంచాలూ ఉన్నాయి. రోజుకు 8 నుంచి 24 గంటలు హత్తుకోమని 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది.

స్నానం చేసి, ఉంగరం, గడియారం తీసేసి, మోచేతుల దాకా చేతులు కడుక్కోండి. ముందు గుండీలున్న చొక్కా వేసుకోండి. బాబుకు టోపీ, మేజోళ్లు, డైపర్ తప్ప ఏమీ వద్దు. మీ రొమ్ము మీద నిలువుగా, కప్ప కాళ్లలా తొడలు విచ్చుకునేలా పెట్టి, తల ఒక పక్కకు తిప్పండి. గడ్డం గుండెకు ఆనిపోతే గాలి ఆడదు, అందుకే మెడ కాస్త ఎత్తి ఉంచాలి. కట్టే గుడ్డ పై అంచు చెవి కిందికి రావాలి, పొట్ట మీద బిగించకూడదు. ఒక్కసారికి గంట తగ్గకుండా కూర్చోండి. పెట్టెలోంచి తీసి పెట్టే కదలికకే బాబు అలిసిపోతాడు, పావుగంటకోసారి మార్చితే లాభం లేదు. సెలైన్ గొట్టం ఉన్నా, బాబు స్థిమితంగా ఉంటే నర్సు సాయంతో చెయ్యొచ్చు.

ప్రశ్న: మా అమ్మాయి పాలు పిండి ఇస్తే ఆసుపత్రికి పట్టుకెళ్తున్నాం. ఎన్నిసార్లు పిండాలి, ఎంతసేపు ఉంటాయి?
– ఒక అమ్మమ్మ, అనకాపల్లి

జవాబు: రెండు మూడు గంటలకోసారి, రాత్రి కూడా, రోజుకు ఎనిమిది సార్లకు తగ్గకుండా పిండాలమ్మా. రాత్రి మానేస్తే పాలు తగ్గిపోతాయి. ఎండాకాలం బస్సులో బయట పెట్టుకుని రాకండి, ఐసు ప్యాకున్న డబ్బాలో తీసుకురండి. ఆసుపత్రి ఫ్రిజ్‌లో 24 గంటలు ఉంటాయి. గిన్నె మీద తేదీ, వేళ, తల్లి పేరు రాయండి, లేకపోతే ఒకరి పాలు ఇంకొకరి బిడ్డకు పోతాయి.