పాఠకుల ప్రశ్నలు: వేల్స్ నుంచి వచ్చి కౌంటీ జడ్జి అయిన ముత్తాత

ప్రశ్న: మా అమ్మాయి అత్తవారిది నెబ్రాస్కా. వాళ్ల ముత్తాత వేల్స్‌లో పుట్టి, కుర్రతనంలో అమెరికా వచ్చి, 1890ల్లో అక్కడి ఒక పల్లెటూరి కౌంటీకి జడ్జిగా చేశాడట. లా చదవలేదట. వియ్యంకులు వేసవిలో హైదరాబాద్ వస్తున్నారు. ఆలోగా ఆయన గురించి నాలుగు పేజీలు రాసిపెట్టాలని ఉంది. లా చదవనివాడు జడ్జి ఎలా అయ్యాడు? ఏం పని చేసేవాడు?
- ఒక పాఠకురాలు, తార్నాక

జవాబు: కౌంటీ అంటే మన జిల్లా లాంటిదే, కానీ ముందు మన జిల్లా జడ్జిని మనసులోంచి తీసెయ్యండి. ఇక్కడ బార్ నుంచి నేరుగా జిల్లా జడ్జి కావాలంటే కనీసం ఏడేళ్లు అడ్వకేటుగా చేసి ఉండాలి. నియమించేది గవర్నరు. అక్కడ కౌంటీ జడ్జిని జనమే ఎన్నుకునేవారు. 1875 నాటి నెబ్రాస్కా రాజ్యాంగం ప్రకారం పదవి రెండేళ్లే, ఆ తర్వాత మళ్లీ ఓట్లడగాల్సిందే. లా డిగ్రీ ఉండాలన్న షరతు లేదు. ఆ మాటకొస్తే అప్పటి లాయర్లలోనే లా కాలేజీ గడప తొక్కనివాళ్లు బోలెడుమంది. ఎవరైనా లాయరు ఆఫీసులో చేరి, దస్తావేజులకు నకళ్లు రాస్తూ, ఇంగ్లండు చట్టాల మీద బ్లాక్‌స్టోన్ రాసిన వ్యాఖ్యానాలు చదువుకుని, జడ్జి ముందు నోటి పరీక్ష ఇస్తే లైసెన్సు వచ్చేది. అబ్రహాం లింకన్ సొంతంగా పుస్తకాలు చదువుకునే 1836లో లాయరయ్యాడు. మీ వియ్యంకుల ముత్తాత ఆ మాత్రం కూడా చదవకపోయి ఉండొచ్చు. ఊళ్లో నమ్మకం, చేతిరాత, లెక్కలు ఉంటే సరిపోయేది.

పని విషయానికొస్తే హత్యకేసులు, భూమి ఎవరిదన్న దావాలు ఆయన దాకా వచ్చేవి కావు, అవి డిస్ట్రిక్ట్ కోర్టువి. ఆయన చేతిలో చిన్న బాకీ దావాలు, చిల్లర నేరాలు, పెళ్లి లైసెన్సులు ఉండేవి. అన్నిటికంటే ముఖ్యమైనది చనిపోయినవాళ్ల ఆస్తి పంపకం, అంటే ప్రోబేట్. ఒక రైతు వీలునామా లేకుండా పోతే భార్యో కొడుకో అర్జీ పెట్టేవారు. జడ్జి విచారణ తేదీ వేసి స్థానిక పత్రికలో, సాధారణంగా మూడు వారాలు వరసగా, ప్రకటన వేయించేవాడు. తర్వాత ఆస్తి నిర్వాహకుణ్ణి నియమించి జామీను పత్రం రాయించుకునేవాడు. ఇరుగుపొరుగు రైతులు వచ్చి గుర్రాలు, నాగళ్లు, పొయ్యి, మంచాలతో సహా ధర కట్టి జాబితా ఇచ్చేవారు. అప్పులవాళ్లకు గడువిచ్చి, తీర్చాల్సినవి తీర్పించి, చివరి లెక్క చూసి మిగిలింది వారసులకు పంచేవాడు. పిల్లలు మైనర్లయితే సంరక్షకుణ్ణి పెట్టడం, ఏటేటా వాళ్ల లెక్కలు అడగడం కూడా ఆయన పనే. మీ నాలుగు పేజీల్లో రెండు ఈ ప్రోబేట్ ఫైళ్లతోనే నిండుతాయి. ఆయన సంతకంతో ఉన్న ఫైళ్లు ఓ పది తిరగేస్తే మనిషి ఎలాంటివాడో అర్థమవుతుంది.

ఒక జాగ్రత్త. పదవి పేరు ఒకటే అయినా రాష్ట్రానికో తీరు. మిస్సోరీలో అప్పటి ‘కౌంటీ కోర్టు’ రోడ్లు, వంతెనలు, పన్నులు చూసే పాలకవర్గం. తర్వాత అమెరికా అధ్యక్షుడైన హారీ ట్రూమన్ 1922లో జాక్సన్ కౌంటీకి జడ్జిగా గెలిచింది అలాంటి కోర్టుకే, ఆయన లాయరు కాడు. టెక్సస్‌లో కౌంటీ జడ్జి ఈనాటికీ నలుగురు కమిషనర్లతో కూర్చుని బడ్జెట్ తేలుస్తాడు, చిన్న కౌంటీల్లో కేసులూ వింటాడు. అక్కడి రాజ్యాంగం అడిగేది రాష్ట్ర చట్టం బాగా తెలిసి ఉండాలనే, డిగ్రీ కాదు. అందుకని ఏ రాష్ట్రం, ఏ సంవత్సరం అన్నది చూసుకోకుండా ‘న్యాయం చెప్పాడు’ అని రాసేయకండి.

ప్రశ్న: వలస వచ్చినవాడు పదవికి పోటీ చేయాలంటే పౌరసత్వం ఉండాలి కదా? ఆ కాగితాలు ఎక్కడ దొరుకుతాయి?
- ఒక పాఠకుడు, మలక్‌పేట

జవాబు: 19వ శతాబ్దంలో ఇది రెండు మెట్ల వ్యవహారం. మొదట ‘పౌరుణ్ణి కాదలచుకున్నాను’ అని కోర్టులో ప్రకటన. దాన్ని ఫస్ట్ పేపర్స్ అనేవారు. దేశంలో మొత్తం అయిదేళ్లు నిండి, ప్రకటన ఇచ్చి కనీసం రెండేళ్లు గడిచాక అర్జీ, సాక్షులు, ప్రమాణం. వేల్స్‌వాడైతే విక్టోరియా రాణి పట్ల విధేయత వదులుకుంటున్నానని ఆమె పేరు చెప్పి మరీ ప్రమాణం చేయాలి. నెబ్రాస్కాతో సహా కొన్ని రాష్ట్రాల్లో మొదటి కాగితం ఉంటే చాలు, ఓటు హక్కు ఇచ్చేవారు. కాబట్టి ఓటరు జాబితాలో పేరు కనిపించింది కదా అని పౌరుడైపోయాడనుకోవద్దు.

చాలామంది తప్పుదారి పట్టేది ఇక్కడే. 1906 సెప్టెంబరు 27కు ముందు పౌరసత్వం ఇచ్చినవి ఎక్కడికక్కడి కోర్టులు. వాషింగ్టన్‌కు నకలు వెళ్లేది కాదు. ఫస్ట్ పేపర్స్ పెన్సిల్వేనియా బొగ్గు గనుల ఊళ్లో, రెండోవి నెబ్రాస్కాలో ఉండొచ్చు. ఆయన కాపురమున్న ప్రతి కౌంటీలో డిస్ట్రిక్ట్ కోర్టు, కౌంటీ కోర్టు రెండింటినీ అడగాలి. ముందుగా 1900 జనాభా లెక్కల పేజీ చూడండి. వలస వచ్చిన సంవత్సరం పక్కనే పౌరసత్వం గడి ఉంటుంది. ‘ఎన్ఏ’ ఉంటే పౌరుడు, ‘పీఏ’ అయితే మొదటి కాగితం మాత్రమే, ‘ఏఎల్’ అయితే పరాయివాడు. 1890 లెక్కల కోసం వెతికి లాభం లేదు, 1921 అగ్నిప్రమాదం తర్వాత వాటిలో మిగిలింది నామమాత్రమే.

దొడ్డిదారి ఇంకొకటి ఉంది, ఇదే మేలు. కాపురముండి సాగు చేసేవాళ్లకు ప్రభుత్వ భూమి ఇచ్చిన 1862 హోమ్‌స్టెడ్ చట్టం కింద 160 ఎకరాలు తీసుకున్నాడా చూడండి. పట్టా రావాలంటే అయిదేళ్ల కాపురం, పౌరసత్వం రెండూ రుజువు చేయాలి గనక కోర్టు కాగితం నకలు ఆ ఫైల్లోనే కుట్టి ఉంటుంది. దానితోపాటు ఆయన వాంగ్మూలం, ఇద్దరు పొరుగువాళ్ల సాక్ష్యం కూడా ఉంటాయి. ఇల్లు ఎన్ని అడుగులు, బావి ఉందా, ఎన్ని ఎకరాలు దున్నాడు, పిల్లలెందరు, మధ్యలో ఊరు వదిలి వెళ్లాడా, అన్నీ అందులో రాసి ఉంటాయి. నెబ్రాస్కా ఫైళ్లన్నీ డిజిటల్ అయ్యాయి. మన సర్వే నంబరులా అక్కడ సెక్షన్, టౌన్‌షిప్, రేంజ్ ఉంటాయి. ఒక సెక్షన్ 640 ఎకరాలు, అందులో పావు ఆయనది. ఆ అంకెలు కేంద్ర భూ శాఖ పట్టాల వెబ్‌సైటులో ఉచితంగా దొరుకుతాయి. పట్టా రాకముందే హక్కు వదులుకున్నవాళ్ల పేర్లు మాత్రం ఆ వెబ్‌సైటులో రావు.

ప్రశ్న: ఒకే కౌంటీలో ఆరుగురు జాన్ జోన్స్‌లు కనిపిస్తున్నారు. మనవాడెవరో తేల్చేదెలా?
- ఒక పాఠకురాలు, కూకట్‌పల్లి

జవాబు: వేల్స్‌లో తండ్రి పేరే బిడ్డకు ఇంటిపేరయ్యే అలవాటు చాలాచోట్ల 19వ శతాబ్దం దాకా నడిచింది. జోన్స్, డేవిస్, ఇవాన్స్, విలియమ్స్‌లే ఊరంతా. పేరుతో వెతక్కండి. భార్య పేరు, పిల్లల వరస, పొలం సెక్షన్ నంబరు, చర్చి, ఈ నాలుగింటిలో మూడు కలిస్తే మనవాడే. సమాధి రాయి మీద వేల్స్‌లోని ఊరు చెక్కి ఉంటే అదృష్టం. అది దొరికాకే వేల్స్ వైపు వెళ్లండి. అక్కడ జనన నమోదు 1837 జులై 1 నుంచి మొదలైంది. అంతకు ముందువి చర్చి పుస్తకాల్లో చూడాలి. కుటుంబం బాప్టిస్టులైతే పసిపిల్లలకు బాప్తిస్మం ఇవ్వరు కాబట్టి పుట్టిన తేదీ అక్కడా ఉండకపోవచ్చు. గేజ్ కౌంటీలోని వైమోర్ ఊళ్లో వేల్స్‌వాళ్ల చరిత్రకే ఒక కేంద్రం ఉంది, ఉత్తరం రాసి చూడండి.

ప్రశ్న: ఇక్కణ్ణుంచి కౌంటీ ఆఫీసులను ఎలా అడగాలి? మెయిలుకు జవాబు రావడం లేదు.
- ఒక పాఠకుడు, ఏఎస్ రావు నగర్

జవాబు: ‘మా వాళ్ల చరిత్ర మొత్తం పంపండి’ అంటే ఎవరూ పంపరు. ఒక మెయిలులో ఒకే మనిషి, ఒకే రకం కాగితం, అయిదేళ్లకు మించని కాలం అడగండి. పాత పుస్తకాలు కౌంటీలో లేకుండా రాష్ట్ర చరిత్ర సంస్థకు వెళ్లిపోయాయేమో కూడా అదే మెయిలులో కనుక్కోండి. ఫోన్ చేస్తే నయం. నెబ్రాస్కాలో ఎక్కువ భాగం సెంట్రల్ టైమ్, ఉదయం ఎనిమిదికి ఆఫీసు తెరిస్తే మనకు చలికాలంలో రాత్రి ఏడున్నర, వేసవిలో ఆరున్నర. పడమటి కౌంటీలకు ఇంకో గంట కలుపుకోండి. చిన్న ఆఫీసులు కార్డు తీసుకోకపోవచ్చు, మన బ్యాంకు చెక్కు అసలే పనికిరాదు. అక్కడున్న అమ్మాయి చేత మనీ ఆర్డరు, తిరుగు కవరు పంపించడమే సులువు.

ప్రశ్న: ఆ రోజుల్లో మనవాళ్లెవరైనా వెళ్లి ఉంటే అలా జడ్జి అయ్యేవారా?
- ఒక విద్యార్థి, విద్యానగర్

జవాబు: కష్టం. వలస వచ్చినవాళ్లలో ‘తెల్లవారికే’ పౌరసత్వం అన్నది 1790 నాటి చట్టం, 1870లో ఆఫ్రికా సంతతివారిని మాత్రం చేర్చారు. అమెరికాలో స్థిరపడిన పంజాబీ సిక్కు భగత్ సింగ్ థింద్ కేసులో 1923లో సుప్రీంకోర్టు భారతీయులు ఆ లెక్కలోకి రారని తీర్పిచ్చింది. 1946లో లూస్-సెల్లర్ చట్టంతో దారి తెరుచుకుంది. కేరళలో పుట్టిన కె.పి. జార్జ్ 2018లో టెక్సస్‌లోని ఫోర్ట్ బెండ్ కౌంటీకి జడ్జిగా ఎన్నికయ్యారు.

ప్రశ్న: 1880ల నాటి కౌంటీ చరిత్ర పుస్తకంలో మా అల్లుడి పూర్వీకుడి మీద పేజీన్నర పొగడ్త ఉంది. నమ్మొచ్చా?
- ఒక పాఠకుడు, సైనిక్‌పురి

జవాబు: అవి చందాలు కట్టించుకుని వేసిన పుస్తకాలు. వివరాలు చెప్పింది చాలావరకు ఆ మనిషో ఇంట్లోవాళ్లో. పుట్టిన ఊరు, ఓడ దిగిన ఏడు, పెళ్లి తేదీ అక్కడ పట్టుకుని, ప్రతిదాన్నీ ఇంకో కాగితంతో సరిచూడండి. ‘చేతిలో చిల్లిగవ్వ లేకుండా వచ్చి’ లాంటివి పక్కన పెట్టి, ఆస్తి ఎంతో తెలియాలంటే పన్ను రిజిస్టరు, ఆయన చనిపోయాక కోర్టుకిచ్చిన జాబితా తీయించండి. ఎన్నికల్లో గెలుపోటములకు ఆ వారం స్థానిక పత్రిక చాలు. లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ పాత పత్రికల సేకరణలో చాలా కౌంటీలవి ఉచితంగా చదవొచ్చు. అచ్చు మసకగా ఉన్నచోట కంప్యూటరు పేరును తప్పు చదువుతుంది, కాబట్టి ఎన్నికల మర్నాటి నుంచి రెండు వారాల సంచికలు పేజీ పేజీగా చూడండి.