గిజిగాడి వెంట వెళ్తానన్న బిడ్డకు

బిడ్డా,

నిన్న రాత్రి మీ నాయిన ఫోన్ చేశాడు. నువ్వు బీఈడీ అప్లికేషన్ పక్కన పెట్టేసి, జంతువుల ప్రవర్తన ఎలా పరిణామం చెందుతూ వచ్చిందో చదువుతానని పట్టుబట్టావట. "ఇదేం చదువన్నా, ఉద్యోగం వస్తదా?" అని అడిగాడు. వాడికి ధైర్యం చెప్పి ఫోన్ పెట్టేశాను గానీ నాకు నిద్ర పట్టలేదు. దేవరకొండలో ఇన్నేళ్లు ఇంటర్ పిల్లలకు జువాలజీ చెప్పినా మన ఇంట్లో ఒక్కరూ ఆ దారి పట్టలేదు. నువ్వు పట్టావు. గిజిగాళ్ల మీద పని చేయాలనుకుంటున్నావని విన్నప్పుడు కళ్లు చెమర్చాయి. కాసేపటికే, బాయి ఒడ్డున తల పైకెత్తి ఒంటరిగా నిలబడ్డ నువ్వు కళ్లముందు మెదిలావు. ఫోన్లో అయితే సగం మర్చిపోతాను. అందుకే రాస్తున్నాను.

పరీక్షల సంగతి నీకు తెలిసిందే. ఉస్మానియా, పాలమూరు, మన నల్లగొండ మహాత్మాగాంధీ యూనివర్సిటీల్లో ఎమ్మెస్సీకి సీపీగెట్ అనే ఉమ్మడి ప్రవేశ పరీక్ష రాయాలి. బయటి సంస్థలకు జామ్ అనే జాతీయ ప్రవేశ పరీక్ష ఉంది. పీహెచ్‌డీకి నెట్, గేట్. గేట్‌లో ఎకాలజీ అండ్ ఎవల్యూషన్ అని ప్రత్యేకంగా ఒక పేపరే ఉంది, అది చూసుకో. జేఆర్‌ఎఫ్ అనే పరిశోధన ఫెలోషిప్ వస్తే 2023 నుంచి నెలకు 37,000 రూపాయలు ఇస్తున్నారు. ఈ ఒక్క ముక్క మీ నాయినకు చెప్పు, సగం టెన్షన్ తగ్గుతుంది. ఈ చదువు విదేశాల్లోనే ఉంటుందని ఎవరైనా అంటే నమ్మకు. బెంగళూరు ఐఐఎస్‌సీలో రాఘవేంద్ర గడగ్కర్ మన ఇళ్ల చూరు కింద గూడు కట్టే కందిరీగల మీద దశాబ్దాలు పని చేశారు. కోల్‌కతా ఐసర్‌లో వీధికుక్కల ప్రవర్తన మీద పరిశోధన నడుస్తోంది.

లెక్కల విషయంలో మాత్రం నిన్ను కోప్పడాలి. నీది బీజెడ్‌సీ, అంటే బోటనీ, జువాలజీ, కెమిస్ట్రీ. పదో తరగతితో లెక్కలు వదిలించుకున్నానని సంబరపడ్డావు, నాకు గుర్తుంది. ఈ చదువులో అవి నీకు మళ్లీ ఎదురొస్తాయి. ఒక జీవి తన ప్రాణం మీదికి తెచ్చుకొని ఇంకోదానికి ఎందుకు సాయపడుతుంది అన్న ప్రశ్నకు 1964లో హామిల్టన్ అనే బ్రిటిష్ జీవశాస్త్రవేత్త ఇచ్చిన జవాబు ఒక చిన్న లెక్క. సాయం పొందినదానికి కలిగే లాభాన్ని, ఆ రెండింటి మధ్య బంధుత్వం ఎంతో దానితో గుణించాలి. వచ్చినది సాయం చేసినదానికి అయ్యే నష్టం కంటే ఎక్కువైతే ఆ గుణం తరాల మీద నిలుస్తుంది. చూడ్డానికి ఇంతే. ఈ లెక్క చుట్టూ ఒక శాస్త్రమే పెరిగింది. ఈ సెలవుల్లోనే స్టాటిస్టిక్స్ మొదలుపెట్టు, ఆర్ అనే సాఫ్ట్‌వేర్ నేర్చుకో. అది ఉచితం, ఇంట్లో ఉన్న పాత ల్యాప్‌టాప్ చాలు. "తర్వాత చూద్దాం పెద్దనాయినా" అన్నావంటే ఊరుకోను.

డబ్బుల గురించి భయపడకు. హాల్డేన్ అంతటి శాస్త్రవేత్త 1957లో ఇంగ్లండ్ వదిలి మన దేశానికి వచ్చి, ఖరీదైన పరికరాలు లేకుండా కంటితో చూసి, లెక్కపెట్టి చేయగలిగే జీవశాస్త్రం ఇక్కడ బోలెడుందని చెప్పాడు. ఆయన దగ్గరి సురేశ్ జయకర్, హెలెన్ స్పర్వే కలిసి తీతువు పిట్టల్లో పసుపు తిత్తి ఉండే రకం మీద పని చేశారు. ఎండాకాలంలో బీడునేల మీద గుడ్లు పెట్టే ఆ పిట్ట మన చెలకల్లో ఉన్నదే.

ఇప్పుడు అసలు విషయం. నా దగ్గర ఇంటర్ చదివిన ఒక పిల్లవాడు ఎమ్మెస్సీ ప్రాజెక్టుకు గిజిగాడినే ఎంచుకున్నాడు. పేరు రాయను, ఇప్పుడు వేరే ఉద్యోగంలో ఉన్నాడు. చురుకైనవాడు, నీ అంత ఇష్టంగా చదివినవాడు. పక్షి శాస్త్రవేత్త సలీం అలీ 1931లో గిజిగాడి మీద రాసినది చదువుకొని వచ్చాడు. మగపిట్ట సగం గూళ్లు కట్టి ఆగుతుంది, ఆడపిట్ట వచ్చి చూసి ఒకటి ఒప్పుకుంటేనే దాన్ని పూర్తి చేస్తుంది, ఆమె గుడ్ల మీద కూర్చోగానే ఇంకో గూడు మొదలుపెట్టి ఇంకో ఆడపిట్టను పిలుస్తుంది. బాగా అల్లిన గూటినే ఆడపిట్ట ఎంచుకుంటుందని నిరూపిస్తానని వాడి పట్టుదల.

తొలకరి పడగానే మా ఊరి చెరువు కట్ట దగ్గరి తాటిచెట్ల మధ్య కూర్చున్నాడు. సాయంత్రాలు మా ఇంటికొచ్చి నోట్‌బుక్ చూపించేవాడు. అక్షరాలు ముత్యాల్లా ఉండేవి. కానీ ప్రతి పేజీలోనూ పూర్తయిన గూళ్లే. పొడుగ్గా గొట్టం దించుకొని వేలాడే అందమైన గూళ్లు. "ఈ మగపిట్ట గొప్పగా అల్లాడు", "ఆడపిట్టకు నచ్చింది", "పక్కవాడు పోచ దొంగిలిస్తే కోపంగా తరిమాడు" అని రాసేవాడు. పిట్టలు కొట్లాడుకున్న రోజు నాలుగు పేజీలు. ఏమీ జరగని రోజుకు తేదీ కూడా లేదు. సగం గుల్లగా అల్లి వదిలేసిన గూళ్లు ఆకుల చివర గోధుమరంగుకు తిరిగి ఎండిపోతున్నాయి, అవి ఎన్నో రాయలేదు. ఏ గూడు ఏ చెట్టుకు, నేలకు ఎంత ఎత్తున, ఏ దిక్కున ఉందో రాయలేదు. గాలివానకు రాలినవాటిని చెప్పుకొని బాధపడ్డాడు గానీ లెక్కపెట్టలేదు.

వానకాలం పోతుండగా వాడి గైడ్ అడిగిన మొదటి ప్రశ్న ఇది: ఆడపిట్టలు వచ్చి చూసి, వద్దనుకొని వెళ్లిన గూళ్లు ఎన్ని? వాడి దగ్గర జవాబు లేదు. ఎంచుకున్నవి మాత్రమే రాసుకుంటే ఎంపిక ఎలా తెలుస్తుంది? పరుగెత్తుకుంటూ మళ్లీ వచ్చాడు. అప్పటికి తాటికమ్మలు కొట్టేశారు. గూళ్లు కట్ట కింద కుప్పగా పడి ఉన్నాయి. ఏది ఎక్కడిదో దేవుడికే తెలియాలి. ఆ కుప్ప ముందు వాడు గొంతుకు కూర్చున్న తీరు నేను మర్చిపోలేను.

గిజిగాడు మళ్లీ వానకాలం వస్తేగానీ గూడు కట్టడు బిడ్డా. ఒక్క వానకాలం చేజారితే ఏడాది పోయినట్టే. వాడికి ఆ ఏడాది ఆగే స్తోమత లేదు. ఇంట్లో చెల్లెలి పెళ్లి, అప్పు. ఉన్నదాంతో ఏదో రాసి డిగ్రీ తెచ్చుకొని ఆ దారి వదిలేశాడు. ఆడపిట్ట ఎంపికలో అల్లిక పనితనం కంటే గూడు ఉన్న చోటే ఎక్కువ పనిచేస్తుందని తర్వాత మన దేశంలోనే జరిగిన పరిశోధనల్లో తేలింది. అంటే వాడు రాయకుండా వదిలేసిన ఎత్తు, కొమ్మ, చెట్టు, వాటిలోనే జవాబు ఉంది. అది తలుచుకుంటే ఇప్పటికీ ప్రాణం ఉసూరుమంటుంది.

కన్ను ఎప్పుడూ మెరిసేదాని మీదికే పోతుంది. జీన్ ఆల్ట్‌మన్ అనే అమెరికా శాస్త్రవేత్త 1974లో రాసిన వ్యాసం ఈ జబ్బుకు మందు. ఏ జంతువును, ఏ సమయానికి, ఎంతసేపు చూడాలో ముందే నిర్ణయించుకోవాలి. ఆ సమయంలో అది రెక్క దువ్వుకుంటూ కూర్చున్నా అదే రాయాలి. పక్క కొమ్మ మీద యుద్ధం జరుగుతున్నా తల తిప్పకూడదు. ఆ వ్యాసం ప్రింట్ తీసుకొని దగ్గర పెట్టుకో. నోట్‌బుక్‌లో ఎడమ పేజీ చూసినదానికి, కుడి పేజీ నువ్వు అనుకున్నదానికి. రెండూ కలపకు.

పోయిన దసరాకు నువ్వు పిల్లలందరినీ కూర్చోబెట్టుకొని, గిజిగాడు గూట్లో మట్టి మెత్తి దానికి మిణుగురులను అంటించి దీపం పెట్టుకుంటాడని చెప్పావు. మీ నానమ్మ నాకూ అదే చెప్పింది, ఆమె ఒడిలో పడుకొని విన్నాను. ఆ కథ అంటే నాకు ఇప్పటికీ ప్రేమే. కానీ నువ్వు పట్టబోయే పనిలో మట్టిని, మిణుగురును విడదీయాలి. సగం కట్టిన గూట్లో మగపిట్ట తడిమట్టి మెత్తడం నిజం, ఎవరైనా చూడొచ్చు. ఎందుకు మెత్తుతుందన్నదానికి పండితులే ఒకటికి నాలుగు కారణాలు చెప్పారు. దీపం మాత్రం మనం పెట్టింది.

పండితులు కూడా ఇలా పొరబడతారు. కొండెంగల సంగతి చూడు. 1960ల మొదట్లో ధార్వాడ్ అడవుల్లో సుగియామా అనే జపాన్ శాస్త్రవేత్త, గుంపును ఆక్రమించుకున్న కొత్త మగ కొండెంగ పసిపిల్లలను చంపడం చూశాడు. ఒక జాతి తన పిల్లలనే చంపుకుంటుందంటే చాలామందికి మింగుడుపడలేదు. ఇరుకులో బతకడం వల్ల వచ్చిన వికారం అనుకున్నారు. జంతువు ఏం చేసినా జాతి మేలు కోసమేనన్న నమ్మకం అప్పట్లో అంత గట్టిది. సారా హ్ర్డీ అనే అమెరికా పరిశోధకురాలు కూడా ఆ ఇరుకునే అనుమానించి 1971లో రాజస్థాన్‌లోని మౌంట్ ఆబూకు వచ్చింది. చూసిన కొద్దీ ఆ వివరణ అతకలేదు. పాలు తాగే పిల్ల పోతే తల్లి త్వరగా ఎదకు వస్తుంది, కొత్త మగదానికి తన సంతానం పుడుతుంది. అది నిజమైతే చంపింది తన పిల్లలను కాకూడదు కదా? ఆ పరీక్ష నేపాల్‌లోని రామ్‌నగర్ కొండెంగల డీఎన్‌ఏతో చేసి 1999లో ప్రచురించారు. చంపిన మగవి ఆ పిల్లల తండ్రులు కావని తేలింది. ఆ మగదాన్ని దుర్మార్గుడని తిట్టి లేచి వచ్చేస్తే ఇదంతా తెలిసేదే కాదు. నీ మనసు మెత్తన, నువ్వు మొదటిసారి చూసినప్పుడు ఏడుస్తావు. ఏడువు, కానీ సమయం రాసుకొని ఏడువు.

ఇంకో మాట. ఒక్క పిట్టను చూస్తే దాని ప్రవర్తన తెలుస్తుంది, పరిణామం తెలియాలంటే దాని చుట్టాలను కూడా చూడాలి. జాన్ క్రూక్ అనే బ్రిటిష్ శాస్త్రవేత్త 1964లో గిజిగాడి కుటుంబంలోని దాదాపు 90 జాతులను పక్కపక్కన పెట్టి చూశాడు. అడవిలో పురుగులు తినేవి ఎక్కువగా జంటలుగా, విడివిడిగా ఉన్నాయి. మైదానాల్లో గింజలు తినేవి గుంపులు కట్టి, ఒక మగదానికి పలు ఆడవి ఉన్నాయి. తిండి ఎక్కడ ఎలా దొరుకుతుందో దాన్నిబట్టి కాపురం తీరు మారిందన్నమాట. మన దగ్గర జొన్న తగ్గి పత్తి పెరిగింది. గింజ తినే పిట్టకు దానివల్ల ఏమవుతుందో నీలాంటివాళ్లే చూడాలి.

ఇక నా భయాలు. మన వ్యవసాయ బాయిలకు చుట్టూ గోడ ఉండదు. గిజిగాడేమో నీళ్ల మీదికి వంగిన కొమ్మలంటే ఇష్టపడతాడు. బైనాక్యులర్ కళ్లకు పెట్టుకున్నాక నీకు కాళ్ల కింద ఏముందో కనబడదు. పిట్ట పక్క కొమ్మకు ఎగిరితే తెలియకుండానే ఒక అడుగు వేస్తావు. అందుకే ముందు చోటు చూసుకొని కూర్చో. బైనాక్యులర్ కళ్లకు ఉన్నంతసేపు కాలు కదపొద్దు. జరగాలంటే అది దించి, నేల చూసి జరుగు. దీని మీద నాకు ఒట్టు పెట్టాలి. రెండోది పిడుగు. నీ పని వానకాలంలో, తాటిచెట్ల దగ్గర. మొగులు పట్టి మొదటి ఉరుము వినబడగానే, ఆడపిట్ట గూటి గుమ్మంలో ఉన్నా సరే, లేచి ఇంట్లోకి వచ్చెయ్. కుక్క కరిచినా కోతి కరిచినా సబ్బుతో 15 నిమిషాలు కడిగి ఆ రోజే టీకాకు వెళ్లు. పైలం బిడ్డా.

రైతుకు చెప్పకుండా చేలోకి దిగకు. గింజ తినే పిట్ట కోసం వచ్చానంటే ఆయనకు కోపం రావడం న్యాయమే, వాదించకు. ఊళ్లో కల్లు గీసే గౌడన్నను పరిచయం చేసుకో. పొద్దున, సాయంత్రం మోకు వేసుకొని చెట్టెక్కే మనిషికి ఏ చెట్టుకు ఎప్పుడు గూళ్లు పడ్డాయో తెలుస్తుంది. కమ్మలు ఎప్పుడు కొడతారో కూడా ఆయన్నే అడగాలి. పిట్టలను పట్టి కాళ్లకు రింగులు వేయాలనుకుంటే అటవీ శాఖ అనుమతి లేకుండా చెయ్యి పెట్టకు, 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ఉంది.

గైడ్ పేరు చూసి మోసపోకు. ఆ ల్యాబులో ఇప్పుడున్న ఆడపిల్లలతో విడిగా మాట్లాడు. ఫీల్డుకు ఎవరు తోడు వస్తారు, పరిశోధన వ్యాసంలో పేరు ఎవరిది ముందు పెడతారు, ఒంట్లో బాగాలేకపోతే సెలవు ఇస్తారా, ఈ మూడూ అడుగు. వాళ్లు జవాబు దాటేస్తే అదే జవాబు.

వచ్చే ఆదివారం మీ నాయినను తీసుకొని రా. వాడితో నేను మాట్లాడతాను. 8 రెట్లు పెద్దగా చూపే బైనాక్యులర్ ఒకటి ఆర్డర్ పెట్టాను, అప్పటికి వచ్చేస్తుంది. పొద్దున్నే చెరువు కట్టకు వెళ్దాం. లెక్కల పుస్తకం కూడా తెచ్చుకో, మధ్యాహ్నం కూర్చోబెడతాను.

మీ పెద్దనాయిన